కట్టించు, కొట్టించు

ఏదీ, ఆ కాగితం ఇటు తే, నేనూ చూస్తా. నా కళ్లజోడెక్కడ... నెత్తి మీదే ఉందా? నవ్వింది చాల్లే. ఎనభై నాలుగేళ్లకి నీ నెత్తి మీద ఏముంటుందో అదీ చూద్దాం. ఊఁ, ఇది గేటు. ఇది వరండా. ఈ చుక్కలు చుక్కలుగా పెట్టినవేమిటి, గులకరాళ్లా? బాగుంది, రాళ్లకి నీళ్లు పొయ్యక్కర్లేదు. ఇది సిమెంటు బల్లా? పార్కుల్లో ఉంటాయే, అలాంటిది. మంచిదే, నాలాంటివాడు ఓ గంట కూర్చుంటే నడుం పట్టేసి ఇంక లేవక్కర్లేదు. మరి ఇక్కడ మధ్యలో సున్నా చుట్టి దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టావేం? బాదం చెట్టా అది? ఓహో. కొట్టేవాడికి కూడా చెప్పేశావా? రేపు పొద్దున్నే వస్తున్నాడా! నాతో ఒక్క మాటైనా అనలేదే. అదేలే, ఇల్లు నీది, జాగా నీది, నేను వరండాలో కుర్చీ లాంటివాణ్ణి. కుర్చీని ఎవరడుగుతారు? కోపమా, నాకా? నాకెందుకు కోపం. నాలుగు కాళ్లున్నా కుర్చీకి కోపం రాదు.

ఎందుకలా మూతి బిగబట్టి నవ్వుతున్నావ్? తెలుసు, తెలుసు. 'తాతయ్యా, కొట్టించమన్నాను, ఈసారి కట్టించకు' అనబోతున్నావ్. అంతేగా? ఈ ఇంట్లో ఎవరికైనా ఒక మాట సరిగ్గా వినపడకపోతే చాలు, 'చెట్టు కొట్టించేశావా' అంటారు. మొన్న మీ ఆయన నువ్వు పెరుగు తెమ్మంటే పేపరు తెచ్చాడు. నువ్వేమన్నావ్? 'చెట్టు కొట్టించాడమ్మా ఈయన' అన్నావ్. ఆ అబ్బాయికి పాపం సంగతే తెలీదు, అయినా పళ్లికిలించాడు. నేనూ నవ్వాను. ముప్ఫై నాలుగేళ్ల నుంచి నవ్వుతున్నాను, అలవాటైపోయింది. సరే, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చో. మీ అమ్మ చెప్పిన ముచ్చట విన్నావు, ఇవాళ నేను చెప్తా విను. మొదట్నుంచీ చెప్తా. మధ్యలో లేచి వెళ్లకూడదు మరి.

మీ అమ్మమ్మ, అంటే మా అక్క, ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేచోట పనిచేసేది. నీకు తెలుసుగా. గంజక్క అనేవాళ్లు. డాక్టర్లు కూడా అలాగే పిలిచేవాళ్లు, 'గంజక్కా, ఆపరేషన్ గదికి దుప్పట్లు పంపించు' అని. మనిషి మాత్రం గంజి పెట్టినట్టు ఉండేది కాదులే, మెత్తటి మనిషి. మీ తాత, అంటే మా బావ పోయాక మీ అమ్మని చంకనేసుకుని ఈ ఇంటికొచ్చింది. నాకా పెళ్లీ పెటాకులూ లేవు, ముందు గదిలో కిటికీ దగ్గర బల్లేసుకుని గడియారాలు బాగుచేసుకుంటూ ఉండేవాణ్ణి. ముగ్గురం. నాకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పండగకి... అది వదిలెయ్. ఏం చెప్తున్నాను? ఆఁ, దుప్పట్లు. ఇంట్లో దుప్పటి మడత పెట్టాలంటే రెండో కొస నేను పట్టుకోవాలి. 'మూలకి మూల కలవాలిరా, అడ్డదిడ్డంగా లాగకు' అనేది. నేను లాగేవాణ్ణి. మళ్లీ విప్పించేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పుడా రెండో కొస పట్టుకునేవాళ్లు లేక నా దుప్పటి ఎలా పడుంటుందో చూశావుగా, ఉండచుట్టి.

ఆ బాదం చెట్టు మా నాన్న పెట్టింది. మా అక్క వచ్చేసరికే ఇంటి ముందు జాగా మొత్తం గొడుగు పట్టినట్టు కమ్మేసింది. కింద గడ్డిపరక మొలిచేది కాదు. ఆవిడ మొదట్లో అందరిలాగే గులాబీలు తెచ్చింది, బంతి నారు తెచ్చింది. నెలలో అన్నీ పాలిపోయి, సాగిపోయి, జబ్బు పడి లేచిన పిల్లల్లా తయారయ్యాయి. రెండుసార్లు పీకి పారేసింది. మూడోసారి ఏం చేసిందో తెలుసా? మొక్క తేలేదు. సుద్దముక్క తెచ్చింది. నా ముందు గదిలో ఎప్పుడూ ఏడు గోడగడియారాలు ఉండేవి, బాగుచేసినవి, చేయవలసినవి, యజమాని మర్చిపోయినవి. అవి ఏడూ ఒక్కసారి కొట్టి చావవు. ఒకదాని వెనక ఒకటి, ఏడో దాని గంటలయ్యేసరికి మనకి అరగంట గడిచినట్టుంటుంది. అవి కొట్టినప్పుడల్లా ఆవిడ సుద్దముక్క పట్టుకుని బయటికెళ్లేది. ఆకుల సందుల్లోంచి నేల మీద ఎండ ఎక్కడ పడుతోందో అక్కడ చుట్టూ గీత గీసేది. లోపల తొమ్మిది, పది, పదకొండు అని రాసేది. సెలవు రోజంతా అదే పని. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి, 'ఏం పిన్నీ, తొక్కుడుబిళ్ల ఆడుతున్నారా?' అనేవాళ్లు. 'అవునమ్మా, రా, నువ్వూ ఆడుదువుగాని' అనేది.

అలా గీసీ గీసీ, ఏ మూల గంట ఎండ, ఏ మూల రెండు గంటల ఎండ, ఏ మూల అసలు లేదు, అన్నీ చేతివేళ్ల మీద చెప్పేది. దాన్ని బట్టి మొక్కలు. 'ఈ నీడలో ఎవరుంటామంటే వాళ్లనే ఉంచుకుందాంరా' అంది. గోడ వారన ఫెర్న్ మొక్కలు, ఇదిగో నా చెయ్యంత ఆకులు. గేటు దగ్గర ఆ గులాబీరంగు చుక్కలుండే ఆకుల మొక్కలు, ఏదో నోరు తిరగని పేరు, మేం చుక్కలాకు అనేవాళ్లం. చెట్టు మొదట్లో నాచు. నాచుని ఎవరైనా పెంచుతారా? పెంచింది! బియ్యం కడిగిన నీళ్లు పోసి పోసి పెంచింది. పచ్చటి తివాచీ పరిచినట్టుండేది. నేను చెప్పులేసుకుని తొక్కితే కేకలేసేది. ఎర్రటి ఎండలో గేటు తీసుకుని లోపలికొచ్చిన మనిషి 'అమ్మయ్య' అనేవాడు. గడియారం కోసం వచ్చినవాళ్లు కూడా ఓ పది నిమిషాలు అక్కడే నిలబడి తర్వాత నా దగ్గరకొచ్చేవాళ్లు. నువ్వు కాగితం మీద గీశావు, బాగానే గీశావు, నీ చదువు అలాంటిది. ఆవిడ నేల మీద గీసింది, అంతే తేడా.

నాకు మాత్రం ఆ చెట్టంటే పడేది కాదు. ఉన్నమాట చెప్తున్నా. నా బల్ల కిటికీ దగ్గర, కిటికీకి ఎదురుగా ఆ చెట్టు. ఆవగింజలో సగం ఉంటుంది గడియారం మర. కంటికి భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో దాన్ని పట్టుకుని, ఊపిరి బిగబట్టి పెట్టాలి. వెలుతురు లేకపోతే ఎలా? యాభై దగ్గర పడ్డాక మరీ కష్టమైంది. మర జారిపోయేది. నేల మీద పాకుతూ వెతుక్కునేవాణ్ణి. దొరక్క లేచి, 'నీ చెట్టు వల్లే ఇదంతా, పట్టపగలు కూడా నూతిలో కూర్చున్నట్టుంది, కొట్టించేద్దాం' అని అరిచేవాణ్ణి. 'దీపం పెట్టుకోరా' అనేది. పెట్టుకున్నాను. ఒకటి కాదు, రెండు. అయినా మసక మసగ్గానే ఉండేది. 'పోనీ ఇటువైపు కొమ్మలైనా నరికిద్దాం' అనేవాణ్ణి. 'అటువైపు కొమ్మ పోతే ఫెర్న్‌లు మాడిపోతాయిరా, అక్కడ పన్నెండింటికి ఎండ దిగుతుంది' అనేది. అంటే నా కళ్లకంటే ఆవిడ గడ్డి ఎక్కువ! ఇలా పదేళ్లు. పదేళ్లు రోజూ అదే గొడవంటే మనిషికి పట్టుదల పెరుగుతుందమ్మా. చివర్లో నాకు వెలుతురు కావాలో, ఆవిడ మీద గెలవాలో నాకే తెలీదు.

అప్పుడు నువ్వు పుట్టే రోజులొచ్చాయి. మీ అమ్మకి మీ నాన్నతో పాటు దూరంగా కాపురం. అక్క సెలవు పెట్టి పురిటికి వెళ్లింది. నాలుగు నెలలు. వెళ్లేముందు మొక్కలకి ఎన్ని చెంబులు పొయ్యాలో గోడ మీద సుద్దతో రాసిపెట్టి మరీ వెళ్లింది. పోశాను, అందులో లోటు చెయ్యలేదు. నువ్వు పుట్టిన మూడో వారమనుకుంటా, ఫోను చేసింది. అప్పట్లో గిరాకీల కోసం నా బల్ల మీదే ఫోను ఉండేది. పదకొండు గంటలకి చేసింది. ఎంత సంతోషంగా ఉందో! 'పిల్లకి మా అమ్మ నుదురొచ్చిందిరా' అంది. 'దీన్ని తీసుకొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టాలి' అంది. ఆ తర్వాత అంది, 'మేస్త్రిని పిలిచి చెట్టు చుట్టూ కట్టించు' అని. గట్టు అన్నమాట, మనిషి కూర్చునేంత ఎత్తులో, గుండ్రంగా. మిగతాది నీకు తెలిసిందే. మీ అమ్మ చెప్పినట్టే. ఫోన్లో గరగర. 'చెట్టు చుట్టూ కట్టించు' అని ఆవిడంటే, ఈ చెవిటి మాలోకానికి 'చెట్టు కొట్టించు' అని వినపడింది. నవ్వండి, చప్పట్లు కొట్టండి.

మర్నాడే గొడ్డలివాణ్ణి పిలిచాను. వాడు చెట్టు చుట్టూ ఓసారి తిరిగి, కింద మొక్కలన్నీ చూసి, 'అయ్యా, ఇంట్లో ఆడవాళ్లని అడిగారా?' అన్నాడు. 'ఆవిడే చెప్పిందయ్యా' అన్నాను. సాయంత్రానికి మొదలొక్కటే మిగిలింది. ముందు గదిలోకి వెలుతురు ఎలా వచ్చిందంటే, సినిమా అయిపోయాక ఒక్కసారి లైట్లేస్తారే, అలా. గోడ మీద ఎన్ని మరకలున్నాయో అప్పుడే తెలిసింది. నేను బల్ల దగ్గర కూర్చుని, భూతద్దం పెట్టుకుని, ఒక మర తీసుకున్నాను. జారిపోయింది. ఇంకోటి తీశాను. అదీ కనపడలేదు. మసకే. అంత వెలుతురులో ఇంకా మసక, పైగా కళ్లల్లో సూదులు గుచ్చినట్టు జిగేలుమంటోంది. కంటి డాక్టరు దగ్గరకి పరిగెత్తాను. ఆయన ఇలా చూసి అలా చెప్పేశాడు. 'శుక్లాలండీ, రెండు కళ్లకీ. చాలా ఏళ్ల నుంచీ ఉండుంటాయి. ఎవరికీ చూపించుకోలేదా?' అన్నాడు. ఏం చెప్పను ఆయనకి? చెట్టుకి చూపించాను అననా? తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చేసరికి చుక్కలాకులు వేలాడిపోయి ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఫెర్న్‌లు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పొడి. చెంబులకి చెంబులు పోశాను. నాచు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఒక్కణ్ణీ ఆ ఎండలో నిలబడి నీళ్లు పోస్తుంటే ఎదురింటాయన కిటికీలోంచి చూసి కిటికీ వేసేసుకున్నాడు.

మీరు వచ్చిన రోజు నాకు నిన్నటిలా ఉంది. టాక్సీ గేటు ముందు ఆగింది. మీ అమ్మ నిన్నెత్తుకుని దిగి, 'మావయ్యా! చెట్టేదీ?' అని కేక పెట్టింది. ఆ కేకకి నువ్వు లేచి ఏడుపు. అక్క సంచీ కింద పెట్టింది. మొదలు వైపు చూసింది, గోడ వారన చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలనుకున్నానో ఇప్పటికీ తెలీదు. నేను ఏమీ చెప్పకముందే ఆవిడే అంది, 'అయ్యో, నేను చుట్టూ కట్టించమంటే కొట్టించమని వినపడిందేమిట్రా నీకు? ఆ ఫోన్లో గరగర కూడా ఎక్కువగానే ఉందిలే' అని. మీ అమ్మ పకపకా నవ్వింది. పురిటి నీరసంలో ఉన్న పిల్ల, కన్నీళ్లొచ్చేలా నవ్వింది. నేనేమన్నాననుకున్నావ్? 'అవునక్కా, గరగర' అన్నాను. అంతే. వీధి వీధంతా చెప్పింది అక్క ఆ ముచ్చట. ఆస్పత్రిలో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నవ్వింది. అలా ఈ ఇంటికో సామెత తయారైంది.

ఆ తర్వాత ఆస్పత్రిలో తీసేసిన చిరుగు దుప్పట్లు తెచ్చింది. నాలుగు కర్రలు పాతి, మూలకి మూల కలిపి కట్టి, బతికిన నాలుగు మొక్కల మీదా పందిరేసింది. గుర్తుందా నీకు? గుడారాలనుకునేదానివి నువ్వు. బొమ్మలన్నీ తీసుకెళ్లి అక్కడే కాపురం పెట్టేదానివి. ఆ చెట్టు మొదలు పీకించేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. వానాకాలంలో దానికి రెండు చిగుళ్లొచ్చాయి. అప్పుడు తనే ఇటుకలు మోసుకొచ్చి, సిమెంటు తనే కలుపుకుని, దాని చుట్టూ గట్టు కట్టుకుంది. నువ్వు ఈ కాగితంలో 'తీసెయ్యాలి' అని రాశావే, ఆ వంకర గట్టే. వంకరే మరి, దుప్పట్లు ఉతికే ఆవిడకి తాపీ పనేం తెలుసు? నేను సాయం వెళ్లబోతే, 'నువ్వు పని చూసుకోరా, ఇప్పుడు వెలుతురు బాగా వస్తోందిగా' అంది. ఎకసెక్కం కాదమ్మా. మామూలుగానే అంది. అదే నాకు... ఆ. వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను.

ఇంతవరకూ మీ అమ్మకీ తెలుసు. ఆ ఇటుకలు చూడు, అమ్మడూ. అవి ఎప్పటివో ఎవరూ అడగలేదు. అక్క పురిటికి వెళ్లేముందే తెప్పించి గేటు పక్కన పేర్పించి వెళ్లింది. గట్టు కోసమని నాకు చెప్పే పేర్పించింది. గొడ్డలివాడు ఆ ఇటుకల కుప్ప దాటుకునే లోపలికొచ్చాడు. 'ఇవెందుకయ్యా?' అంటే 'దేనికో' అన్నాను. ఇంకొకటి చెప్తా. నేను గడియారాల వాణ్ణి. గోడకి ఆనించి చెవి పెడితే ఏ గడియారం రోజుకి ఎన్ని నిమిషాలు వెనకబడుతుందో చెప్పేవాణ్ణి. కళ్లు పాడయ్యాయి కానీ నా చెవులకి ఏనాడూ ఏ రోగమూ లేదు. ఇప్పటికీ నువ్వు వంటింట్లో మీ ఆయనతో నా గురించి గుసగుసలాడితే నాకు వినపడుతుంది, మజ్జిగలో ఉప్పు ఎక్కువేస్తానని మొన్న అన్నావు. అలాంటివాడికి కట్టించు, కొట్టించు తేడా తెలీదా? నాకు సరిగ్గానే వినపడిందమ్మా. ఒక్కొక్క అక్షరం వినపడింది. ఫోను పెట్టేసి ఆ చెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఇంకా మూడు నెలల దాకా రాదు అనుకున్నాను. నేను చేసిన పని అది. పొరపాటు కాదు, పొరపాటు అని ఆవిడ పేరు పెట్టింది.

చెబుదామనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి, నువ్వు నడిచాక, నువ్వు బళ్లో చేరాక. ఏడేళ్లు గడిచిపోయాయి. ఆ చిగుళ్లు పెరిగి ఇంటి చూరుదాకా వచ్చాయి, మంచమంత నీడ పడేది. ఓ రోజు సాయంత్రం ఆవిడ ఆ గట్టు మీద కూర్చుని ఉంది. ఒంట్లో బాగోలేదు అప్పటికే. నువ్వు ఆ నీడలో ఏదో గీస్తున్నావు. నేను పక్కన నిలబడ్డాను. లోపల గడియారాలు నాలుగు కొట్టడం మొదలెట్టాయి, ఒకదాని వెనక ఒకటి. ఏడూ అయ్యేదాకా ఆగింది. అప్పుడంది, నా వైపు చూడకుండా, 'ఆ రోజు ఫోన్లో కూడా ఇలాగే వినపడ్డాయిరా నాకు. ఏడూ వినపడ్డాయి' అంది. గరగరలో గడియారాలు ఎలా వినపడతాయి, చెప్పు? గేటు దగ్గర దిగినప్పుడే ఆవిడకి తెలుసు. నా ఎదురుగా నిలబడి, మీ అమ్మ ముందు నా పరువు పోకుండా, తనే ఆ అబద్ధం అల్లి నా చేతికిచ్చింది. నేను తీసుకున్నాను. ఆ సాయంత్రమైనా, ఆవిడే తలుపు తీసినప్పుడైనా, 'అక్కా, తప్పు చేశాను' అని ఒక్క మాట అంటే అయిపోయేది. 'టీ పెట్టనా అక్కా?' అన్నాను. 'పెట్టు' అంది. ఆ వానల్లోనే పోయింది. చెప్పుకోవడానికి ఇంక మనిషి లేదు. నీ ఎర్ర గీత చూశాక నువ్వే మిగిలావనిపించింది.

ఏమిటీ? అమ్మమ్మ ఏమిటి? ఎందుకు ఊరుకుందనా... ఏమో, వినపడలేదమ్మా. వద్దులే, మళ్లీ చెప్పకు. ఈ మధ్య ఈ చెవి సరిగ్గా పనిచెయ్యడం లేదు. అదిగో, లోపలి గదిలో నాలుగు కొడుతోంది. లే లే, చెట్టు కింద ఎండ వెళ్లిపోతుంది. ఇంట్లో సుద్దముక్కేమైనా ఉందా?